సింగపూరు ఎర్ర దారిలో నాయన కుర్మాపొడి

ఈ సంగతి రాయక తప్పని పరిస్థితి వచ్చింది. మా బంధువుల ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలయ్యాక అందరూ ఆకువక్కల పళ్ళెం చుట్టూ చేరినప్పుడు, నేను మా నాయనను సింగపూరు తీసుకెళ్ళిన కథ బయటికి వస్తుంది. ఒక్కో పెళ్ళికి అది ఒక్కో జానెడు పెరుగుతోంది. మొదట్లో "ఎవురో ఆఫీసరు ఆపినారంట" అన్నంతవరకే ఉండేది. తర్వాత ఎప్పుడో అందులోకి రెండు కుక్కలు వచ్చి చేరాయి. మొన్న సర్జాపుర రోడ్డులో మా చిన్నమ్మ కూతురి గృహప్రవేశంలో, నేను పక్కనే కూర్చుని పాయసం తాగుతుండగానే, చిన్నమ్మ ఎవరో కొత్త చుట్టాలకు నన్ను చూపించి, "ఈ పాపే, వాళ్ళ నాయనను ఉరికంబం దాకా తోడుకోనిపోయి మళ్ళా తెచ్చింది" అని పరిచయం చేసింది. వాళ్ళు నన్ను ఎగాదిగా చూసి కొంచెం ఎడంగా జరిగారు. ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు గడిస్తే మా వాళ్ళు ఆయనను నిజంగానే ఉరి తీసేస్తారు. అందుకని, ఆయన పడక్కుర్చీలో నిక్షేపంగా కూర్చుని ఉండగానే, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నా నమ్మకం. కాలేజీ చదువు పి.యు.సి.తో ఆగిపోయింది గానీ, మా వీధి చివర గవర్నమెంటు లైబ్రరీ ఉంది. అక్కడ చేతికందిన పుస్తకం అందినట్టు చదివేదాన్ని. తిమింగలాలు ఎలా నిద్రపోతాయో చదివాను (బెంగళూరులో ఆ సమాచారం ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు). గాజు ఎలా చేస్తారో, తేనెటీగలు ఇంటిదారి ఎలా గుర్తుపడతాయో, రాజుల కాలంలో మురుగునీరు ఎటు పోయేదో, అన్నీ చదివాను. బెళ్ళందూరులో ఒక కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చుని పేర్లూ చిరునామాలూ ఎక్కించే ఉద్యోగం దొరికాక, మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంజనీరింగు చదివిన వాళ్ళు ఏ విషయం మాట్లాడుతున్నా మధ్యలో దూరి సరిదిద్దేదాన్ని. కొన్నాళ్ళకు వాళ్ళు వేరే బల్లకు మారిపోయారు. ఆ బల్ల దగ్గర గాలి బాగా వస్తుందని మారారనే అనుకున్నాను.

మా నాయన పెళ్ళి వంటల మేస్త్రి. బెంగళూరు పాతపేటలో, మా తాతల నాటి నుంచీ స్థిరపడిన తెలుగువాళ్ళలో, ఆయన కుర్మా తినకుండా పెళ్ళయినవాళ్ళు తక్కువ. కుర్మాలో ఉన్నదంతా పొడిలోనే ఉందని అందరికీ తెలుసు. పొడిలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. మా అమ్మకు కూడా తెలియదు. మసాలా వరస గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి పోవాలే తప్ప మూడోవాళ్ళు వినకూడదని వంటవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. నాయన ఆ పట్టింపును ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళాడు. పొడి వేయించే రోజు మమ్మల్నందరినీ వీధిలోకి పంపి, తలుపు గడియ వేసి, కిటికీకి దుప్పటి కట్టేవాడు. దినుసులన్నీ ఒకే అంగట్లో కొంటే అంగడివాడికి గుట్టు తెలిసిపోతుందని నాలుగు పేటల్లో కొనేవాడు. అది చాలక, పొడిలో వెయ్యని దినుసులు కూడా కావాలని కొనేవాడు, వెంటబడి చూసేవాళ్ళు దారి తప్పడానికి. అలా అక్కర లేకుండా వచ్చిన మరాటి మొగ్గలూ నల్లజీలకర్రా మా ఇంట్లో డబ్బాలకు డబ్బాలు ఉండేవి. ఇదంతా ఊరికే పుట్టిన అనుమానం కాదు. దొడ్డబళ్ళాపురంలో ఇంకో పెద్ద వంట మేస్త్రి ఉండేవాడు, మా ఇంట్లో ఆయనను బొజ్జాయన అనేవాళ్ళం. ఆ బొజ్జాయన ఒకసారి తన బావమరిదిని కూలివాడి వేషంలో మా నాయన దగ్గరికి ఉల్లిపాయలు తరగడానికి పంపాడట. ఉల్లిపాయలు మరీ బాగా తరిగేసరికి దొరికిపోయాడు.

మోకాళ్ళు అరిగి నాయన వంటలు మానేశాక, ఇంట్లో ఆయనను చూడడం కష్టంగా ఉండేది. పొద్దున లేచి తలకు తువ్వాలు చుట్టుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేదని గుర్తొచ్చి, విప్పి భుజాన వేసుకునేవాడు. విదేశాలకు వెళ్ళొచ్చిన వాళ్ళ విందులకు ఎన్నిటికో వండాడు గానీ, ఆయన విమానం ఎక్కింది లేదు. నాకు ఉద్యోగం ఖాయమైన ఏడు, ఆయనను ఏదో ఒక పరదేశం చూపించాలనుకున్నాను. అమ్మ రానంది. దొడ్డబళ్ళాపురం బస్సులోనే ఆమెకు కడుపులో తిప్పుతుంది. "మీరు పోయి రాండి, ఆకాశంలో నాకేం పని" అంది. సింగపూరు ఎందుకంటే, దాని గురించి మా లైబ్రరీలో లావుపాటి పుస్తకం ఒకటి ఉంది.

ఆ పుస్తకం నన్ను పట్టి ఆడించింది. ఇంటికి ఇవ్వకూడని పుస్తకమే అయినా, లైబ్రరీలో కూర్చునే కళ్ళజోడు మేడం నా మీద నమ్మకంతో ఇచ్చింది. ఆ దేశంలోకి ఏవేవి తీసుకురాకూడదో చెప్పే పేజీలు నాకు నోటికొచ్చేశాయి. చూయింగ్ గమ్ కూడదు. పొగాకు కూడదు. గసగసాలు అసలే కూడదు, వాటిని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చి పెట్టారు. ఇది చదివిన రోజు వంటింట్లోకి వెళ్ళి గసగసాల డబ్బా ఎత్తి చూపించి, ఆ మొక్క పుట్టుపూర్వోత్తరాలతో సహా ఉపన్యాసం ఇచ్చాను.

"పాయసంలో ఏసుకునేవా?" అంది అమ్మ. "పాపం, ఆ దేశంలో మద్దేన్నం నిద్ర ఎట్లా పట్తాదో."

నాయన గడప దగ్గర కూర్చుని కాలికి నూనె రాసుకుంటున్నాడు. ప్రయాణం ముందురోజు ఆయన పెట్టె అడుగుదాకా తీసి చూశాను. చెడ్డ వస్తువు ఒక్కటీ లేదు. తాళం వేసి, తాళంచెవి ఆయనకే ఇచ్చాను. నా చదువు అంతవరకే పనిచేసింది.

విమానంలో నడిమి సీటు నాయనది, ఇటుపక్క నేను. కిటికీ దగ్గర చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒకాయన, మా బెళ్ళందూరు ఆఫీసుల్లో కనపడే రకం. విమానం పైకి లేచేటప్పుడు నాయన నా చెయ్యి పట్టుకుని, లేచాక వదిలేసి, "ఏమీ లేదే, లారీ మాదిరే ఉండాది" అన్నాడు. కొంతసేపటికి ఆ దేశంలో దిగేవాళ్ళు రాసివ్వాల్సిన కార్డులు పంచారు. నాయన కార్డు కూడా నేనే రాస్తూ తిప్పి చూస్తే, వెనకవైపు ఎర్రని అక్షరాలు కనపడ్డాయి. మత్తుమందులు తెచ్చేవారికి మరణశిక్ష అని. పుస్తకంలో చదివిన విషయమే. అయినా పుస్తకంలో చదవడం వేరు, మన పేరు రాసిన కార్డు మీద చదవడం వేరు. తెలిసినదాన్ని కాబట్టి నాయనకు వివరంగా చెప్పాను.

"మనకేమి," అన్నాడు. "మనం అట్లాంటోళ్ళం కాదు కదా."

అంతలో భోజనం వచ్చింది. చిన్న గిన్నెలో కుర్మా అని ఒకటి ఇచ్చారు. నాయన వేలి కొసతో నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తెరిచి, "దీనికి అమ్మా నాయనా లేరు" అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి, నేనేదో ఆకలితో దిగులు పడుతున్నట్టు ధైర్యం చెప్పాడు. "నువ్వేమీ బేజారు చేసుకోవద్దు అమ్మణ్ణీ. పొడి పెట్టుకోనుండా."

"ఏ పొడి?"

"ఏ పొడి ఏంది. మన పొడి. పరాయి ఊరికి పొడి లేకుండా పోతానా?"

"నాయనా, నేను పెట్టంతా చూసినా కదా. యాడుండాది?"

"నువ్వు చూసినాక పెట్టినా. నా భుజం మీది తువ్వాల్లోనే చుట్టి అడుగున పెట్టినా. బాగా పెద్ద పొట్లమే."

ఆ క్షణాన విమానం ఒక్కసారిగా కిందికి జారినట్టయింది (జారలేదు, పక్కవాళ్ళ కాఫీ కదల్లేదు). మా ఇంట్లో గసగసాలు ఉండేవి, నిజమే. కానీ అవి పొడిలోకి కొన్నవో, దారి తప్పించడానికి కొన్నవో నాకెలా తెలుస్తుంది? వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాను.

"నాయనా, ఒక్క మాట చెప్పు. పొడిలో గసాలు ఉండాయా?"

నాయన మొహం మారిపోయింది. కన్నకూతురు కత్తి తీసినట్టు చూశాడు.

"అందుకా నన్ను విమానం ఎక్కించింది?" అన్నాడు.

"అయ్యో, కాదు నాయనా. ఆ కార్డు చూడు, ఎర్రగా రాసిండేది చూడు. ఉంటే ఉంది, లేకుంటే లేదు అను. మిగిలిండేవి నాకొద్దు."

"ఒకటి చెప్తే అన్నీ చెప్పినట్లే. ఈ పొద్దు ఇది, రేపు ఇంకోటి. సుమ్మనె నోరు మూసుకోని కూచో."

"మనల్ని పట్టుకుంటే?"

"కుర్మాపొడికి ఎవురన్నా పట్టుకుంటారా? నీకు చదివి చదివి గాబరా ఎక్కువైపోయింది."

మా గుసగుసలు మరీ ఎక్కువయ్యాయేమో, కిటికీ పక్కనాయన హెడ్‌ఫోన్లు మెడలోకి దించాడు. గుంటూరు వైపు మాట. "సారీ అంకుల్, వినపడింది. మీరు కేటరింగ్ చేస్తారా? మా మ్యారేజ్‌లో కుర్మా సూపర్‌గా చేశారండి. మా వైఫ్ వాళ్ళది దొడ్డబళ్ళాపురం."

ఆయన ఆ ఊరి పేరు చెప్పకుండా ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. నాయన మెల్లగా నా వైపు తిరిగాడు. 'చూసినావా, ఆకాశంలో కూడా మనిషిని పెట్టినాడు బొజ్జాయన' అని ఆ చూపుకు అర్థం. తర్వాత విమానంలో ఇచ్చిన దుప్పటి మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. పడుకోవడం కాదు, నిజంగా నిద్రపోయాడు. గురక కూడా వచ్చింది.

ఇక నా సంగతి. చదువుకున్నవాళ్ళకు భయం ఎంత వివరంగా వస్తుందో అప్పుడు తెలిసింది. చదవనివాళ్ళు 'ఏమవుతుందో' అని భయపడతారు. నాకు ఏమేమి అవుతుందో పేజీల వారీగా తెలుసు. ఆ దేశపు చట్టాల అధ్యాయం, జైళ్ళలో బెత్తం దెబ్బల గురించి ఒక పేరా, పక్కన పెట్టిన బొమ్మ, అన్నీ కళ్ళముందు తిరిగాయి. మోకాళ్ళు వంగని ఈ మనిషిని జైల్లో నేల మీద కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు? అమ్మకు ఫోను చేసి ఏమని చెప్పాలి? అక్కడి కోర్టులో తెలుగు చెప్పేవాళ్ళు ఉంటారా? నీళ్ళు అడగడానికి పైనున్న గంట నొక్కాలంటే, ఆ గంట ఇంకెక్కడన్నా మోగుతుందేమోనని వేలు వెనక్కి తీసుకున్నాను. నాయన మొహం మీద దుప్పటి ఊపిరికి లేచి పడుతుంటే, అది ఆగకుండా ఉంటే చాలని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

హెడ్‌ఫోన్లాయనే నాయన మీదుగా వంగి మాట్లాడాడు. "సిస్టర్, టెన్షన్ పడకండి. అక్కడ దిగాక రెండు దారులుంటాయి. గ్రీన్‌లో వెళ్ళి దొరికితే ప్రాబ్లం. రెడ్‌లోకి వెళ్ళి, ఇదీ మా దగ్గరుంది అని మీరే చెప్పేయండి. తీసేసుకుంటారు, అంతే."

"అంతేనా? ఖచ్చితంగా?"

"అంటే, నేనెప్పుడూ గసగసాలు తీసుకెళ్ళలేదు లెండి," అన్నాడు నిజాయితీగా, మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటూ.

చెప్పేయాలంటే ఏముందో తెలియాలి కదా. లేని గసగసాలు ఉన్నాయని మనంతట మనమే చెప్పి ఇరుక్కుంటే? ఉన్నవి లేవంటే? ఈ రెండు ప్రశ్నల మధ్య ఊగుతూనే సింగపూరులో దిగాను. పాస్‌పోర్టుల దగ్గర కూర్చున్నాయన నాయనను చూసి నవ్వి ముద్ర వేశాడు. నన్ను రెండుసార్లు చూశాడు. పెట్టెలు వచ్చే పట్టా దగ్గర నిలబడి, మా పెట్టె తప్పిపోవాలని మొక్కుకున్నాను. అన్నిటికంటే ముందు మా పెట్టే వచ్చింది. (కుక్కలు లేవు. ఈ విషయం స్పష్టంగా రాస్తున్నాను. ఒక్క కుక్క కూడా లేదు.)

బయటికి పోయే చోట రెండు దారులు నిజంగానే ఉన్నాయి, పైన పచ్చ దీపం ఒకదానికి, ఎర్ర దీపం ఒకదానికి. జనమంతా పచ్చ దారిలో పోతున్నారు. నాయన కూడా పెట్టె లాక్కుంటూ అటే నడిచాడు. నేను పెట్టె పిడి పట్టుకుని ఆపాను.

"ఆ పొట్లం తీసి చెత్తబుట్టలో వేస్తాం నాయనా. ఎవురూ చూడరు."

"చెత్తబుట్టలోనా?" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి అతి కష్టం మీద వచ్చింది. "పెండ్లిండ్లు చేసిన పొడి అది."

అప్పుడే పచ్చ దారిలో ఒక ఆఫీసరు ఎవరినో ఆపి పెట్టె బల్ల మీద పెట్టించాడు. నా చేతులు పెట్టె పిడి మీద ఉన్నా వణకడం ఆగలేదు, పిడి కూడా టకటకమంటోంది. ఇంక ఆలోచించలేదు. "సరే. ఎర్ర దారిలోకి నేను పోతా. పెట్టె నాది, పొడి నాది అంటా. నీకేమీ తెలీదంటా. నువ్వు పచ్చ దారిలో పోయి బయట కూచో," అన్నాను. ధైర్యంతో అన్న మాట కాదు. రెండు భయాల్లో ఏది చిన్నదో లెక్క వేసుకుని అన్నాను. ఆయన జైలుకు పోవడం చూడడం కంటే నేను పోవడమే చిన్న భయంగా తోచింది.

నాయన పెట్టె వదిలేశాడు. నా చేతులు చూశాడు. నేను పుట్టినప్పటి నుంచీ ఆయన మొహంలో భయం చూడలేదు, పెళ్ళివారు అనుకున్నదానికి రెండింతల మంది దిగినప్పుడు కూడా. అప్పుడు చూశాను.

"రా ఇట్లా," అన్నాడు.

మరుగుదొడ్ల పక్కన లావుపాటి స్తంభం ఒకటి ఉంది. దాని వెనక్కి తీసుకెళ్ళి, ఇటూ అటూ చూసి, హెడ్‌ఫోన్లాయన ఎక్కడా లేడని నిర్ధారించుకుని, చెప్పులు విడిచాడు. (గురువు దగ్గర విన్నప్పుడు ఆయనా చెప్పులు విడిచే ఉన్నాడట.) నన్నూ విడవమన్నాడు. అంత పెద్ద విమానాశ్రయంలో మేమిద్దరం నున్నటి నేల మీద వట్టికాళ్ళతో నిలబడ్డాం. నా చెవికి చెయ్యి అడ్డం పెట్టి మొదలుపెట్టాడు. మొదటిది మీరందరూ ఊహించగలిగిందే. రెండోది కూడా. మూడోదానికి నేను ఆశ్చర్యపోయాను. (ఆ వరస ఇక్కడ రాస్తానని మీరు ఎదురుచూడకండి.)

"నాయనా, గసాల సంగతి చెప్పు, ఆఫీసరు ఇటే చూస్తా ఉండాడు."

"వరస తప్పితే నాకు రాదు. ఉండు." మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఏది ఎంత వేగాలో, ఏది వేగకుండా చివర్లో వెయ్యాలో, ఒక్కో దినుసుకూ ఆగి ఊపిరి పీల్చుకుంటూ, పూజ చేయించేవాళ్ళ మాదిరి చెప్పుకుపోయాడు. ఒక్కో పేరూ వినగానే మనసులోనే కొట్టేసుకుంటున్నాను. ఇదీ కాదు, ఇదీ కాదు. ఇంకేం, లేవేమో అని ఆశ మొదలైంది. అప్పుడు చెప్పాడు. "ఇవన్నీ దించినాక, పెనం వేడికే, గసాలు. పిడికిట్లో పట్టినన్ని."

స్తంభానికి ఆనుకున్నాను.

"ఇంట్లో అంత చెప్తి కదా నాయనా, గసాలు కూడదని. నువ్వు ఆడనే ఉంటివి కదా."

"నువ్వు గసాలన్నావు. పొడి అన్లేదే. పొడి అయినాక అది పొడి, దాంట్లో గసాలు యాడుంటాయి?" అన్నాడు. తర్వాత, "ఎవురికీ చెప్పనని చెయ్యి వెయ్యి," అని అరచెయ్యి చాపాడు. వేశాను.

ఎర్ర దారిలో బల్ల వెనక ఒక ఆఫీసరమ్మ ఉంది. నల్లగా, పొట్టిగా, జుట్టు గట్టిగా ముడి వేసుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా. నేను దారంతా అల్లుకున్న ఇంగ్లీషు వాక్యం మర్చిపోయి, "గసగసాలు" అని తెలుగులోనే అనేసి, పొట్లం బల్ల మీద పెట్టాను. తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. ఆమె చేతులకు తొడుగులు వేసుకుని తువ్వాలు విప్పింది. మా ఇంటి వాసన ఆ హాలంతా వచ్చింది. ఇంకా ఏమేమి ఉన్నాయి అని అడిగింది. నేను నాయన వైపు చూశాను. నాయన నేల వైపు చూశాడు. అప్పుడే చేతిలో చెయ్యి వేసి వచ్చినదాన్ని. నోరు పెగల్లేదు. నేను మాట్లాడకపోవడం ఎంత అనుమానంగా ఉంటుందో నాకు తెలుస్తూనే ఉంది. అయినా పెగల్లేదు.

నాయన కల్యాణమంటపాల వంటిళ్ళల్లో నేర్చిన తమిళంలో అందుకున్నాడు. ఆమెకు ఆ భాష వస్తుందని మొహం చూసి ఎలా పోల్చాడో తెలియదు. "అమ్మా, మిగతావన్నీ మీ దేశంలో అంగట్లో అమ్మేవే. కూడనిది ఒకటే ఉంది, ఆ ఒకటీ పాప చెప్పేసింది," అన్నాడు. ఆమె తమిళంలో బదులు చెప్పకుండా, పక్కనున్న కుర్చీలు చూపించి, పొట్లం తీసుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. పచ్చ దారిలో నవ్వుకుంటూ పోయే జనాన్ని చూస్తూ, వాళ్ళది వేరే లోకమని అనిపించింది. నాయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మూసిన తలుపునే చూస్తున్నాడు. ఉన్నట్టుండి మెల్లగా, "ఒకసారి ఒప్పజెప్పు," అన్నాడు.

"ఏంది?"

"వరస. నన్ను ఈడ పెట్టుకుంటే, పొడి నాతోనే పోకూడదు కదప్పా."

వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ ఒప్పజెప్పాను. నాలుగోదాని దగ్గర తప్పాను. "అది ముందు కాదు, ఇది వేగి వాసన వచ్చినాకే అది," అని సరిదిద్దాడు. మళ్ళీ మొదటి నుంచి. ఇంకోచోట తప్పాను. "పుస్తకాలు అన్ని చదువుతావు, ఇంతమాత్రం నిలబడదా తలకాయలో," అని విసుక్కున్నాడు. ఆ విసుగుతో నాకు కొంచెం ఊపిరి వచ్చింది. మూడోసారి తప్పు లేకుండా చెప్పాను. నాయన తలాడించి, అప్పుడు తలుపు మీద నుంచి చూపు తిప్పి కుర్చీకి వెనక్కి ఆనుకున్నాడు. ఆయనకు పని అయిపోయింది. నాకు మాత్రం అప్పుడే అసలు భయం పట్టుకుంది, ఎందుకంటే ఆయన వెళ్ళిపోవడానికి సిద్ధపడినవాడి మాదిరి కనిపించాడు. ఆయన తువ్వాలు పొట్లంతోపాటే లోపలికి పోయింది. వట్టి భుజంతో ఆయన అంత చిన్నగా ఉంటాడని నాకు తెలియదు.

తలుపు తెరుచుకుంది. ఆఫీసరమ్మ వట్టి తువ్వాలు మడతపెట్టి తెచ్చి నాయన చేతిలో పెట్టింది. మీకై మీరు చెప్పారు కాబట్టి సరుకు తీసుకుని వదిలేస్తున్నామనీ, ఇంకోసారి తేవద్దనీ నాకు ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. నేను మూడు భాషల్లో థాంక్స్ చెప్పాను. మేం కదిలాక, వెనక నుంచి తమిళంలో నాయనను ఒక్కమాట అడిగింది. "మరాటి మొగ్గ పడుతుందా అందులో?"

నాయన ఆగాడు. జైలు తప్పిన మనిషి, కృతజ్ఞత కోసమైనా చెప్పొచ్చు. మర్యాదగా నమస్కారం పెట్టి, "వెయ్యొచ్చమ్మా, వెయ్యకపోనూ వచ్చు," అని నడిచాడు. ఆమె మొహంలో మొదటిసారి నవ్వు చూశాను.

మిగతా సెలవంతా నాయన ఆయుధం లేని సిపాయి మాదిరి తిరిగాడు. నేను సముద్రం చూపించాను, పూలతోటలు చూపించాను, ప్రతి భవనానికీ చరిత్ర చెప్పాను. ఆయన ఏదీ కాదనలేదు, దేనికీ ఆగలేదు. ఆగింది ఒకేచోట. వరసగా తిండి అంగళ్ళున్న పెద్ద కొట్టంలో, ఒక చీనా ముసలాయన కొబ్బరిపాలు పోసి చేసిన నూడుల్స్ ఇచ్చాడు. నాయన ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్ళు మూశాడు. చాలాసేపు తెరవలేదు. తర్వాత గిన్నె పట్టుకుని అంగడి దగ్గరికి పోయి, గిన్నెలోకి వేలు చూపించి, అందులో ఏముందని చేత్తోనే అడిగాడు. ముసలాయన చెయ్యి అడ్డంగా ఊపి, కుండ మీద మూత పెట్టేశాడు. నాయన పకపకా నవ్వుతూ వచ్చాడు. ఆ దేశంలో దిగినాక అదే మొదటి నవ్వు. "వీడు మనోడే అమ్మణ్ణీ," అని, రోజూ మధ్యాహ్నం అక్కడికే తీసుకుపొమ్మన్నాడు.

ఇంతమంది చెయ్యి పడితే గాని ఆ ప్రయాణం గట్టెక్కలేదు, అందుకని అందరికీ పేరుపేరునా దండం పెట్టుకుంటున్నాను. ఇవ్వకూడని పుస్తకం ఇచ్చి నన్ను సరైన మోతాదులో భయపెట్టిన కళ్ళజోడు మేడంకు. దారి చెప్పి, దానితోపాటు తనకు తెలియదన్న సంగతి కూడా చెప్పిన హెడ్‌ఫోన్లాయనకు (మీ ఆవిడ ఊరి పేరు ఆ పొద్దు దాచి ఉండాల్సింది, అయినా సరే). తువ్వాలు మడతపెట్టి ఇచ్చిన ఆఫీసరమ్మకు. గుట్టు చెప్పని చీనా తాతకు. ఇంటికొచ్చాక ఏమీ అడక్కుండా ముందు అన్నం పెట్టిన అమ్మకు. ఇప్పుడు పడక్కుర్చీలోంచే, నేను వేయించే పొడి వాసన పట్టి "గసాలు మాడినాయి" అని కేకేసే నాయనకు.

ఒక్క మనిషి మిగిలింది. స్తంభం వెనక వట్టికాళ్ళతో, తెలిసినదంతా తలలో గిర్రున తిరుగుతుంటే వణుకుతూ నిలబడిన ఆ పిల్ల. ఇన్నేళ్ళ తర్వాత ఆమె గుర్తొస్తే, భుజం మీద చెయ్యి వేసి, 'ఏమీ కాదు, పొట్లం తీసేసుకుని వదిలేస్తారు, అంతే' అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. దగ్గరిదాకా వెళ్ళి, ఆగి, నాలో నేనే నవ్వుకుని వెనక్కి వచ్చేస్తాను. ఆ పిల్ల చేతులు వణకడం మానేస్తే, మా నాయన నోరు విప్పడు.